రెండు గోడల మధ్య

"కదలకమ్మాయ్" అన్నాడు చెవులాయన, గాజుపలకకి అవతల కూర్చుని నా చెవుల్లోనే చెప్పినట్టు. నేనెప్పుడు కదిలాను గనక. ఏడు నెలలుగా ఈ గదిలో నా ఉద్యోగమే అది, నోరు తప్ప ఇంకేమీ కదలకుండా కూర్చోవడం. గడియారం, చెవిపోగులు, ఉంగరం బయట గూట్లో పెట్టి రావాలి. గంజి పెట్టిన బట్టలు కట్టుకు రాకు, అవి నీకన్నా ఎక్కువ మాట్లాడతాయి అని మొదటిరోజే చెప్పాడు. ఆకలితో రాకు, ఖాళీ కడుపు మైకులో పలుకుతుంది అన్నాడు. పేరుకి తగ్గ మనిషి, బట్టతల, దానికి అటూ ఇటూ పెద్ద చెవులు, ఆఫీసులో అందరూ చెవులాయనే అంటారు, ఆయన ముందే అంటారు, ఆయన కూడా ఫోనెత్తి చెవులాయన్నే మాట్లాడుతున్నా అంటాడు. చూపు లేనివాళ్ళు వినడానికి పాత నిబంధన మొత్తం చదివించి రికార్డు చేస్తున్నారు ఇక్కడ. కథలున్న చోట్లన్నీ పెద్ద గొంతులవాళ్ళు పంచేసుకున్నారు, సముద్రం చీలేది ఒకాయనకి, సింహాల గుహ ఇంకొకాయనకి. నాకు మిగిలినవి వంశావళులు. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు, ఇన్నేళ్ళు బతికాడు, పోయాడు. వినేవాళ్ళకి నిద్ర పట్టించే భాగం నీదన్నమాట అని మా ఆయన ఏడిపించాడు, ఆయన ఇంకా నన్ను ఏడిపించే రోజుల్లో. ఆ పేర్లు నేను అడిగి మరీ తీసుకున్నానని ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు చెవులాయన వెతుకుతున్నది ఒక ఊపిరిని. పొద్దున్నించి మేం చేస్తున్నది యాకోబు కుటుంబం కరువుకి తాళలేక ఐగుప్తుకి దిగిపోయే అధ్యాయం, బండ్లెక్కి వెళ్ళినవాళ్ళ పేర్లన్నీ తల్లుల వారీగా ఉంటాయి. ముందు లేయా పిల్లలు, మనవలు, మునిమనవలు. రూబేనుతో మొదలై దీనా దగ్గర ఆగి, వీళ్ళందరూ కలిసి ముప్పదిముగ్గురు అని మొత్తం ఉంటుంది. నేను ముప్పది ఇద్దరు అన్నాను. చెవులాయన ఆపి, అమ్మాయ్, పుస్తకంలో ముగ్గురు, అన్నాడు. సరే అన్నాను. మళ్ళీ చదివాను, మళ్ళీ ముప్పది ఇద్దరే వచ్చింది నోటికి. మూడోసారి ఆ అంకె మీద వేలు పెట్టుకుని మరీ చదివాను, అయినా నా నాలుక నా మాట వినలేదు. నీళ్ళు తాగు కాసేపు, అని ఆయన వెనక్కి తిప్పి విన్నాడు, వింటూ వింటూ మొహం అదోలా పెట్టాడు, నాకూ వినిపించాడు. దీనా అన్న పేరుకీ ఆ అంకెకీ మధ్య ఒక ఊపిరి ఉంది. "ఇది నీది కాదు" అన్నాడు. "నీ ఊపిర్లు ఏడు నెలలుగా కోసి పారేస్తున్నా, బుట్టలకెత్తొచ్చు. నీది నాకు తెలీదా? ఇది చిన్నది." చిన్నదంటే ఏమిటి అన్నాను. "చిన్న ఛాతీ" అని, తన మాటకి తనే ఇబ్బందిపడి, "ఏసీ అయ్యుంటుందిలే" అని నవ్వేశాడు. మూడుసార్లు చదివినదాంట్లోనూ ఉంది, అదే చోట. లోపలికి పీల్చడమే ఉంది, వదలడం లేదు.

ఏసీ ఆపాడు. దీపాలు గుయ్యిమంటాయని అవీ ఆపాడు, నా ముందున్న చిన్న బల్లదీపం ఒక్కటి ఉంచాడు. నిశ్శబ్దం పడతాను, కూర్చో అన్నాడు. మాకది మామూలే. నా దగ్గుల్నీ తడబాట్లనీ కోసేసిన చోట వట్టి ఖాళీ వదిలితే, వినేవాళ్ళకి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉంటుందట. అందుకని ఈ గది నిశ్శబ్దాన్నే కాస్త విడిగా పట్టి ఉంచుకుని, దాన్ని ముక్కలు చేసి అతుకులు వేస్తాడు. నిశ్శబ్దాలన్నీ ఒకటి కావు, ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే అంటాడు. పట్టాడు, విన్నాడు. అందులోనూ ఉంది. నేను నోరు తెరవలేదు కదా, పేరు చదవలేదు కదా, అయినా ఉంది. ఆయన టార్చిలైటు తీసుకుని లేచాడు. ఈ గది గది లోపల గది, వీధి చప్పుడు రాకుండా రెండు గోడలు కట్టి, మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు వదిలారు మధ్యలో. వెనకవైపు చిన్న తలుపుంది దానికి. "గోడల మధ్య దూరి చూసొస్తా. ఏ పిల్లో పిల్లల్ని పెట్టుంటుంది. మైకు తెరిచే ఉంటుంది, నువ్వు మాత్రం చెవులకున్న హెడ్‌ఫోన్లు తియ్యకు" అన్నాడు. అలా నన్నొక్కదాన్నీ వదిలి వెళ్ళాడు.

ఇంత నిశ్శబ్దంలో మనిషి తనకు తానే ఒక ఫ్యాక్టరీ. మింగితే వినిపిస్తుంది, రెప్ప కొడితే వినిపిస్తుందేమో అనిపిస్తుంది, మెడలో రక్తం దబదబమని పోతోంది. ఇన్ని చప్పుళ్ళు నావే, మరి రెండోవాళ్ళ చప్పుడేదీ. అయిదో నెల నిండింది. ఆకలిని కూడా వదలని మైకు ఇంత దగ్గరగా ఉంది, దానికైనా ఏమైనా తెలుస్తోందా. నాకు కదలిక తెలియలేదు. ఇంకా తెలియలేదు. పొద్దున ఇక్కడికి వచ్చే ముందే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, ఈ ఊళ్ళో ఆవిణ్ణి చూడటం ఇదే మొదలు, ఇది ఎన్నో కాన్పు అని అడిగింది తలెత్తకుండా. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "మొదటిదండీ" అన్నాడు. "ఇంతకు ముందు పోవడం లాంటివి ఏమైనా?" "అబ్బే, లేదండీ." అంత గబగబా ఆయన ఏదీ చెప్పగా నేను వినలేదు. కదలిక తెలిసిందా అని నన్నడిగింది, లేదండీ అన్నాను. "మొదటిసారి ఆలస్యంగానే తెలుస్తుందమ్మా, కంగారేం లేదు. గ్యాస్ అనుకుంటారు, అదే బిడ్డ. స్కానింగ్ వచ్చేవారం తీరిగ్గా చేద్దాం" అంది, ఇంతలో పురిటిగది నుంచి పిలుపొచ్చింది, వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టింది. ఆ తట్టడం నాది కాదు. మొదటిసారి కడుపుతో ఉన్న ఎవరో ఒకావిడకి చెందిన ఓదార్పు అది, పొరపాటున వేరేవాళ్ళ గొడుగు తెచ్చుకున్నట్టు నేను దాన్ని పట్టుకుని బయటికొచ్చాను. రెండోసారి ఆలస్యం కాదు, ముందే తెలుస్తుంది, అది ఎవర్నడిగినా చెప్తారు. మెట్లు దిగుతూ మా ఆయన నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేదు. తిరిగి పైకి వెళ్ళి చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఇక్కడికి వచ్చేశాను.

మా ఆయన్ని తప్పు పట్టను. పడతాను కూడా. రెండూ చేస్తాను, ఒక్కో పూట ఒక్కోటి. ఆయన అబద్ధాలకోరు కాదు, లిఫ్టులు బాగుచేసే మనిషి, తాడు ఎంత బరువు మోస్తుందో అంతే చెప్పాలి, ఒక్క కిలో ఎక్కువ చెప్పకూడదు అనే మనిషి. అత్తగారి మాట అది. పోయినదాని ఊసెత్తితే వచ్చేదానికి అచ్చిరాదు, ఇద్దరూ వినండి, ఇహ ఆ మాట ఈ ఇంట్లో వద్దు అంది ఆవిడ, నాకు నెల తప్పిందని తెలిసిన రోజు. మంచికే అంది, నాకు తల దువ్వుతూ అంది. దాని ఊసు అంతకు ముందు మాత్రం ఎవరెత్తారు గనక. మూడేళ్ళు. పిల్లలెంతమంది అని పక్కింటివాళ్ళు అడిగితే ఇంకా లేరండీ అంటాను, అన్న ప్రతిసారీ ఎవరో నా చేతిలోంచి చెయ్యి లాక్కున్నట్టుంటుంది. చిన్న చెయ్యి. నేను చూడనే లేదు దాన్ని. నెలలు నిండిన పిల్ల. ఆఖరి వారం కదలడం మానేసింది, నిద్రపోతోందిలే, వచ్చే ముందు అలాగే ఉంటారు అన్నారు, నేనూ నమ్మి పగలంతా పక్కకి తిరిగి పడుకుని దానికి నిద్రాభంగం కాకుండా చూశాను. నిద్ర అనుకుని కాపలా కాశాను. తర్వాత ఆ గది, పచ్చగా సున్నం వేసిన గోడలు, పట్టపగలు, కిటికీ అవతల ఎవరో ఎవరితోనో బేరమాడుతున్నారు, ఇక్కడ అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు. దాని ఏడుపు కోసం చూశాను. ముందు ఒక ఊపిరి పీల్చాలి కదా ఏడవాలంటే, దాని కోసం చూశాను. నర్సు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయింది, మా ఆయన వెనక వెళ్ళాడు. ఆడపిల్ల అని మాత్రం ఆయా చెప్పింది, పాపం చెప్పకూడదేమో, నోరు జారింది. ఆయన ఎప్పటికో తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, టీ తాగుతావా అన్నాడు. అంతే మేం దాని గురించి మాట్లాడుకున్నది.

గోడలో ఏదో రాసుకుంది. చెవులాయన పొట్ట అయ్యుంటుంది, ఆ సందులో ఆయన పట్టడమే గొప్ప. పెద్దయ్యగారైతే సునాయాసంగా పట్టేవారు, సన్నగా నిటారుగా ఉంటారు, పాత హీబ్రూ చెప్పే మాస్టారు, ఈ పేర్లు ఎలా పలకాలో నాకు నేర్పమని ఆఫీసువాళ్ళు పంపితే శనివారాలు వెళ్ళేదాన్ని. సైకిళ్ళ కొట్టు మీద గది ఆయనది, కింద గాలి కొడుతుంటే పైన మేం మెతూషెల, మహలలేలు అనుకుంటూ కూర్చునేవాళ్ళం. ఇంకొక విద్యార్థి రిటైరైన పోస్టుమాస్టరు, ఆయన ఇంట్లో ఉండలేక వచ్చేవాడు. ఇన్ని పేర్లున్నాయి, ఒక్కడికీ అడ్రసు లేదేమిటండీ అని పెద్దయ్యగార్ని విసిగించేవాడు. పెద్దయ్యగారు నవ్వరు. ఇవే అడ్రసులు అనేవారు, ఎవరి కొడుకో చెప్తే ఇల్లు చెప్పినట్టే. పేర్లు కళ్ళతో చదవకండి, వేళ్ళతో చదవండి, ఎక్కడ మొత్తం ఉంటే అక్కడ ఆగి లెక్కపెట్టండి అనేవారు. లెక్కపెట్టాం. రూబేను, అతని నలుగురు. షిమ్యోను, అతని ఆరుగురు. లేవి, ముగ్గురు. అలా పోస్టుమాస్టరూ నేనూ వేళ్ళు మడుచుకుంటూ దీనా దాకా వచ్చి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ముప్పై ఇద్దరే వచ్చారు. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. పుస్తకం ముప్పై మూడంటోంది. రాసినవాడు పొరబడ్డాడు అన్నాడు పోస్టుమాస్టరు. పెద్దయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రాసినవాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళు కాదండీ. లెక్కా పేర్లూ కలవని చోట ఎవరో కూర్చుని ఉంటారు" అన్నారు. పట్టపగలు, కింద పంపు కొడుతున్న చప్పుడు, నాకు ఒళ్ళు జలదరించింది.

ఎవరు అని నేనే అడిగాను. బయల్దేరినప్పుడు కడుపులో ఉన్న పిల్ల అన్నారు. పూర్వం వ్యాఖ్యానాలు చెప్పినవాళ్ళు అలా చెప్పారట. లేవి కూతురు యోకెబెదు, దారంతా కడుపులోనే ఉంది, సరిగ్గా ఆ దేశపు ఊరి గుమ్మంలో, కోటకి రెండు గోడలుంటాయి కదా, ఆ గోడల మధ్య పుట్టింది. బండెక్కినప్పుడు లేదు, దిగేసరికి ఉంది, కాబట్టి పేర్లలో లేదు, లెక్కలో ఉంది. పేరుదేముందమ్మా, తర్వాత వస్తుంది, లెక్క ముందు అన్నారు పెద్దయ్యగారు. పేర్లు చెప్పి లెక్కలో కలపనివాళ్ళు కూడా ఉన్నారు చూశారా, అని యూదా కొడుకులిద్దర్ని చూపించారు, ఏరు, ఓనాను, ముందే చచ్చిపోయారు, పేర్లున్నాయి, మొత్తంలో లేరు. అలా ఆ ఒక్క అధ్యాయంలోనే పేరుండి లెక్కలో లేనివాళ్ళిద్దరు, లెక్కలో ఉండి పేరు లేనిది ఒకతె. ఆయన మామూలుగా చెప్పుకుపోతున్నారు, నేను మాత్రం మడిచిన వేళ్ళు విప్పడం మర్చిపోయాను. నాదానికి రెండూ లేవు. పేరూ లేదు, లెక్కా లేదు. ఏ వంశావళిలో ఎక్కడని వెతకను దాన్ని. ఆ రోజే ఆఫీసుకెళ్ళి, వంశావళులన్నీ నాకే ఇవ్వండి అని అడిగాను, సంతోషంగా ఇచ్చేశారు. వెర్రిదాన్లా వాటన్నిట్లోనూ వేళ్ళు మడుస్తూ వచ్చాను ఏడు నెలలు, ఎక్కడైనా ఒకటి ఎక్కువ వస్తుందేమోనని.

శెరహు అని ఇంకొకతె ఉంది ఇదే అధ్యాయంలో, రెండు వరసలు కింద. ఆషేరు కూతురు. ఐగుప్తుకి దిగినవాళ్ళలో ఉంటుంది. మళ్ళీ ఎన్నో తరాలయ్యాక, ఆ దిగినవాళ్ళందరూ పోయి, వాళ్ళ మనవల మనవలు ఎడారిలో నిలబడి తలలు లెక్క పెట్టించుకుంటుంటే, అక్కడా ఉంటుంది, అదే పేరు, అదే తండ్రి. మధ్యలో చచ్చిపోయినట్టు ఎవరూ రాయలేదు. చావలేదనే చెప్పారట పూర్వంవాళ్ళు. ఆవిడంటే నాకు భయం. కరువులో బండెక్కిన పిల్ల, లెక్కపెట్టేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ ముసల్ది అయిపోయి వరసలో నిలబడి, పేరు చెప్పి, ఊపిరి పీల్చుకుంటూ ముందుకి జరగడం. చావు రాయకపోతే బతికున్నట్టేనా. మరి నాదాని చావు ఎవరు రాశారు. పుట్టిందనీ ఎవరూ అనలేదు, పోయిందనీ ఎవరూ అనలేదు, మొదటిదండీ అన్నాడు వాళ్ళ నాన్న. పుట్టనే లేదు అంటే ఇంకా పుట్టాల్సి ఉందనా. ఎక్కడుంది మరి అంతవరకు. గుమ్మంలోనా. గోడల మధ్యనా.

అయ్యో, ఏమాలోచిస్తున్నాను నేను. తలుపు తీసుకుని బయటికి పోతే సరిపోతుంది. పోలేదు. గోడ అవతల చెవులాయన ఎగశ్వాస వినిపిస్తోంది ఇప్పుడు, మైకు ఎంత పాపిష్ఠిదో, అంత లావు గోడలోంచి కూడా లాగుతోంది, బుస్సు బుస్సుమని లావుపాటి మగమనిషి ఊపిరి, పీల్చడం, వదలడం, పీల్చడం, వదలడం. ఎడమవైపు నుంచి కుడివైపుకి జరుగుతోంది మెల్లగా. నా వెనక్కి వచ్చింది. దాటిపోయింది. అది దాటిపోయాక, అది ఉన్న చోటే, ఇంకొకటి. చిన్నది. లోపలికి మాత్రమే. అయినా చెవులకున్నవి తియ్యలేదు, తియ్యొద్దన్నాడని కాదు. ఏడుపుకి ముందు వచ్చే ఊపిరి అది. మూడేళ్ళ కిందట ఆ పచ్చగోడల గదిలో నేను చెవులు రిక్కించి ఎదురుచూసినది అదే, ఇప్పుడొచ్చింది, ఇంత ఆలస్యంగా, వచ్చి ఆగింది. పీల్చి, పట్టి ఉంచింది. పిల్లలు మనం ఏదో అంటామని ఎదురుచూస్తూ ఊపిరి బిగబట్టినట్టు ఉంది. ఏమనాలి నేను. రావే అనాలా. పోవే అనాలా. చేతులు రెండూ కడుపు మీద పెట్టుకున్నాను, అప్పుడు ఇంకొక భయం వేసింది, మొదటి భయం కన్నా పెద్దది. మొదటిది లెక్కలో లేదు కాబట్టి గుమ్మంలో నిలబడిపోయింది. అది ముందుకి జరగందే వెనకదానికి దారేదీ. మొదటిదండీ అన్నాం, అంటే ఈ కడుపులో దానికి దాని అక్క చోటిచ్చేశాం, ఒక్క చోటులో ఇద్దరు. అందుకే కదలడం లేదా. ఇరుకు. తల్లీ, ఇరుకేమో అక్కడ.

వెనక తలుపు చప్పుడైంది. చెవులాయన గాజుపలక అవతలికి వచ్చి కూర్చున్నాడు, బట్టతల నిండా బూజు, భుజాల మీద సున్నం. నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏమీ లేదు. పిల్లీ లేదు, ఎలకా లేదు. తీగలన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడు. భుజం దులుపుకున్నాడు. "కాకపోతే నీ కుర్చీ వెనకాల, సరిగ్గా అక్కడ, గోడ వెచ్చగా ఉందమ్మాయ్. పక్కలో ఎవరో అప్పుడే లేచి వెళ్తే ఉంటుందే, అలాగ. తీగ ఏదీ లేదక్కడ, చూశాను." నా మొహం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "ఈ పూటకి ఆపేద్దామా? ఒట్టి మనిషివి కూడా కాదు."

"వద్దన్నయ్యా. ఆ వాక్యం ఒక్కటి అతుకు వేసేద్దాం" అన్నాను.

అతుకు వేయడమంటే ఇది. ముందు చదివినదాన్ని కొంచెం వెనక నుంచి నా చెవుల్లో నడిపిస్తాడు, నా గొంతుతో పాటు నేనూ పెదవుల మీద చదువుతూ రావాలి, ఇద్దరం ఒక్కటై నడుస్తుండగా ఎర్రదీపం వెలుగుతుంది, పాత గొంతు ఆగిపోతుంది, నేను అందుకోవాలి. తప్పు దగ్గర నుంచి ముందుకి. మొదట్లో భయం వేసేది, ఎవరో నేను నాలాగే చదువుతూ నడిచొచ్చి నన్ను నా మానాన వదిలేసి పోతున్నట్టు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు మళ్ళీ మొదటిరోజులా ఉంది. నడిపించాడు. సెరెదు, ఏలోను, యహలేలు. నా గొంతు, నా పెదవులు. అన్నదమ్ములందరూ అయిపోయి దీనా వచ్చింది, దీనా అన్నాం ఇద్దరం. అప్పుడు వచ్చింది ఊపిరి. నా గొంతుకీ నాకూ మధ్య, చెవి తమ్మె మీద చల్లగా, లోపలికి. ఎర్రదీపం వెలిగింది.

నేను లెక్కపెట్టుకున్నాను. పుస్తకంలో వాళ్ళని కాదు. కడుపు మీది చేతివేళ్ళు రెండు మడిచాను, ఒకటి దానికి, ఒకటి దీనికి. ఉన్నావు, అనుకున్నాను. బండెక్కినప్పుడు ఉన్నావు. మేం పేరు పెట్టలేదు, తప్పు మాదే, నువ్వు ఉన్నావు. నువ్వే మొదటిదానివి, అమ్మా, నువ్వే. చెవులాయన గాజు అవతల నుంచి చెయ్యి ఊపుతున్నాడు, చదువు, చదువు అని.

ముప్పదిముగ్గురు, అన్నాను.

గొంతు వణకలేదు. గదిలో ఏదీ కదలలేదు. నా చెవుల్లో, నా వెనక, గోడలోపల, ఒక ఊపిరి వదిలింది ఎవరో. పొడుగ్గా, నిదానంగా, చాలాసేపు ఎత్తుకుని ఉన్న బరువు కిందికి దించినట్టు వదిలింది. ఆఖరికి కాస్త ముక్కు చప్పుడు కూడా ఉంది, నిద్రలో పిల్లలు చేసే చప్పుడు. తర్వాత ఈ గది నిశ్శబ్దం, మామూలుది, మాకు తెలిసినది. చెవులాయన చెవులమీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎర్రదీపం ఆర్పడం కూడా మర్చిపోయాడు. నా కళ్ళు కారుతున్నాయని నాకప్పుడు తెలిసింది, అది కూడా మైకు పట్టే ఉంటుంది.

"అమ్మాయ్" అన్నాడు ఎప్పటికో. "రెండూ ఉన్నాయి ఇందులో. పీల్చడం, వదలడం. కోసెయ్యనా?"

"ఉంచు" అన్నాను. "వినేవాళ్ళకి తెలియాలి ఒకళ్ళున్నారని."

ఆయన దాన్ని అలాగే దాచాడు.

గూట్లోంచి గడియారం, ఉంగరం, చెవిపోగులు తీసి గుప్పిట్లో పెట్టుకునే బయటికొచ్చాను. మా ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు, చేతికి గ్రీజు, సగం పనిలోంచి వచ్చినట్టున్నాడు. అయిపోయిందా అన్నాడు. నా మొహం చూసి, ఏమైంది అన్నాడు, చూపు నా కడుపు మీదికి పోయింది, ఆయన మొహంలో రక్తం లేదు. ఆయనకి తెలుసు. పొద్దున్నించి ఆయనా ఇదే లెక్క వేసుకుంటున్నాడు, నేనొక్కదాన్నే అనుకున్నాను.

"డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఇప్పుడే" అన్నాను.

"వచ్చేవారం అంది కదా."

"మొదటిదానికి వచ్చేవారం అంది. ఇది రెండోది. ఆవిడతో చెప్పాలి. మీ అమ్మ ఏమన్నా సరే, అచ్చి రాకపోయినా సరే, నేను చెప్తాను. నువ్వు పక్కన ఉంటే చాలు."

ఆయన గోడకి ఆనుకున్నాడు. గ్రీజు చేత్తోనే మొహం తుడుచుకున్నాడు, నుదుటి మీద నల్లగా అంటింది, నేను తుడవలేదు. లోపల చెవులాయన మళ్ళీ అదే వాక్యం పెట్టుకుని వింటున్నట్టున్నాడు, తలుపు సందులోంచి సన్నగా నా గొంతు వినిపిస్తోంది, దీనా దాకా వచ్చి, ఆగి.

"జుట్టుండేది" అన్నాడు మా ఆయన.

నేను ఆయన వైపు తిరిగాను.

"బోలెడు జుట్టు. తడిసి నుదుటికి అంటుకుని ఉండేది. నేను పక్కకి దువ్వాను, వేళ్ళతో. మావైపు ఎవరికీ అంత లేదు, మీ అమ్మదేమో అనుకున్నా. నీకు చెబుదామనే వచ్చాను ఆ రోజు. నీ మొహం చూసి టీ తాగుతావా అన్నాను." ఆయన చెప్పడం ఆపలేదు, లిఫ్టు తాడు తెగినట్టు వచ్చేస్తోంది మాట, చిటికెనవేలు గోరు ఎంతుందో, గుడ్డ ఏ రంగుదో, ఎత్తుకుంటే ఎంత బరువుందో, ఆయనకి బరువు లెక్క తప్పదు, కిలోలతో సహా చెప్పాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, నా గుప్పిట్లో ఉంగరం ఆయన అరచేతికి గుచ్చుకుంది, ఇద్దరం వదలలేదు. పేరు, అన్నాను. చెప్పాడు. పెట్టాడట. మూడేళ్ళుగా ఒక్కడే పిలుచుకుంటున్నాడట, లిఫ్టుల గోతుల్లో దిగినప్పుడు, ఎవరికీ వినిపించని చోట. ఆ పేరు నేను ఇక్కడ చెప్పను, అది ఇంకా మా ఇద్దరిదే.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను అక్కడి నుంచే. రెండోది అన్నాను. మొదటి పాప గురించి అడిగింది, చెప్పాను. ఆవిడ గొంతు మారింది, వెంటనే వచ్చెయ్యండి, నేనుంటాను అంది. లోపల ఇంకా ఏ కదలికా తెలియడం లేదు, ఏమవుతుందో తెలియదు, భయం అలాగే ఉంది. మా ఆయన లిఫ్టుల మనిషి, ఏ లిఫ్టునీ నమ్మడు, ఎప్పుడూ మెట్లే. నా మోచెయ్యి పట్టుకున్నాడు. రెండోవైపు, నా చేతిలో, ఎవరూ చెయ్యి లాక్కోలేదు ఈసారి.

మెట్లు దిగాం, నలుగురం.